ముందు శిలాఫలకం, తర్వాతే సైనికుడు

ఊళ్లో సైనికుల స్మారకం కట్టించాలని మీకు బుద్ధి పుట్టిందంటే దానికి రెండే కారణాలు ఉంటాయి. ఒకటి, ఎన్నికలు దగ్గర పడ్డాయి. రెండు, పక్క ఊరివాళ్లు కట్టేశారు. రెండూ న్యాయమైనవే. మూడో కారణంతో, అంటే మన ఊరి నుంచి పట్టాళానికి వెళ్లినవాళ్లను తలుచుకుందామని ఎవరైనా మీ గుమ్మం ఎక్కితే, కాఫీ ఇచ్చి సాగనంపండి. అలాంటివాళ్లను కమిటీలో వేసుకున్నారా, మీ పని తెమలదు.

నా అర్హత ఏమిటని అడుగుతారేమో. ఇరవై ఏళ్లలో పదకొండు విగ్రహ కమిటీలకు గౌరవాధ్యక్షుణ్ణి. తొమ్మిది విగ్రహాలు లేచాయి. ఒకటి కోర్టులో ఉంది. ఒకటి గోనెపట్టా కప్పుకుని మంత్రిగారి డేటు కోసం మూడు వానాకాలాలుగా ఎదురు చూస్తోంది. పన్నెండోది మా ఊరి సైనిక స్మారకం. ఆ అనుభవం మీకు పనికొస్తుందనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తొలి సమావేశానికే ఒక చిక్కు వచ్చిపడింది. మా ఊరి రిటైర్డు సుబేదారు గారు పిలవకుండానే వచ్చారు. అయిదింటికని మైకులో చెప్పించాం కదా, అయిదింటికే వచ్చి కూర్చున్నారు. మేం ఆరున్నరకు చేరాం. పట్టాళంలో పనిచేసినవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది, మందు లేదు. ఆయన చేతిలో అట్ట ఊడిన నోటు పుస్తకం. ఊరి నుంచి మిలటరీకి వెళ్లిన ప్రతివాడి పేరూ ఇంటిపేరుతో సహా రాసుకున్నారు. నెంబరు, ర్యాంకు, యూనిట్, చేరిన ఏడు, చివరికి ఏమయ్యాడు, అన్నీ. బర్మా వెళ్లి తిరిగిరానివాడి దగ్గర్నుంచి కార్గిల్ చూసి వచ్చినవాడి దాకా. 1971 యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ఏడాది మొదలుపెట్టారట. “ఈ పేర్లు ఒక రాయి మీద చెక్కిస్తే చాలు బాబూ, విగ్రహం కూడా అక్కర్లేదు” అన్నారు.

విగ్రహం లేకపోతే ఆవిష్కరణ ఎలా చేస్తారు? తెర దేని మీంచి లాగుతారు? పెద్దాయన కదా అని నవ్వి ఊరుకున్నాం.

సరే, మొదటి చిట్కా స్థలం. నాలుగు రోడ్ల సెంటర్‌కు మించిన చోటు లేదు. సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలకు గట్టిగానే చెప్పింది, రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని. ఆ ఉత్తర్వును జాగ్రత్తగా అర్థం చేసుకోండి. అనుమతి ఇవ్వొద్దంది. మనం అడిగితే కదా వాళ్లు ఇవ్వడం! శనివారం రాత్రి పన్నెండు దాటాక క్రేను తెప్పించండి. ఆదివారం ఆఫీసులుండవు. సోమవారానికల్లా నాలుగు దండలు పడితే, ఇక దాన్ని కదిలించే మొనగాడు జిల్లాలో ఉండడు.

సుబేదారు గారు బడి పక్కన వేపచెట్టు కింద పెట్టమన్నారు. ఒకప్పుడు మా ఊరికి బస్సు ఆగింది అక్కడే. రిక్రూట్‌మెంట్‌కు వెళ్లిన ప్రతి కుర్రాడూ ఆ చెట్టు కిందే ట్రంకుపెట్టె దించుకుని నిలబడ్డాడట. వాళ్లమ్మలు అక్కడిదాకా వచ్చి ఆగిపోయేవారట. వినడానికి బాగానే ఉంది. కానీ అక్కడ నీడ ఉంది. నీడ ఉంటే జనం కూర్చుంటారు. కూర్చుంటే చదువుతారు. చదివితే తప్పులు పడతారు. సెంటర్‌లో ఆ బాధ లేదు. లారీల మధ్య నిలబడి రాయి చదివేంత తీరిక ఎవడికుంది?

ఇక శిలాఫలకం. చాలామంది స్మారకానికి శిలాఫలకం అనుబంధం అనుకుంటారు. పొరపాటు. శిలాఫలకానికి ఆనుకుని కట్టేదే స్మారకం. శంకుస్థాపనకు ఒకటి, ఆవిష్కరణకు ఒకటి, టైల్స్ వేయించిన దాతకు ఒకటి, స్టీలు రైలింగ్‌కు ఒకటి, పార్టీ మారినప్పుడు పాతదాన్ని పగలగొట్టి పెట్టేది ఇంకొకటి. కనీసం అయిదు లెక్కేసుకోండి. మన ప్రాంతానికి ఈ విద్య కొత్తేమీ కాదు. గుడిలో ట్యూబ్‌లైట్ మీద వెలుగు కిందికి రానంత పెద్దక్షరాలతో దాత పేరు రాయించిన జాతి మనది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ రెక్క మీద పేరు కనబడదని ఫ్యాను ఆపించిన మహానుభావుణ్ణి నేను ఎరుగుదును.

రాయి మాత్రం మంచిది వాడండి. మా కమిటీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ తెప్పించింది. నల్లరాతిలో బంగారు చుక్కలు మినుకు మినుకుమంటాయి. పాలిష్ ఎంత బాగా వచ్చిందంటే ఎదురుగా నిలబడితే మన మొహమే కనిపిస్తుంది. ఆ మెరుపులో సన్నక్షరాలు కనబడవు గనక దాతల పేర్లు బొద్దుగా చెక్కించాం. రూ.1,116 ఇచ్చినవారికి అరంగుళం, రూ.10,116 దాటితే అంగుళం, లక్ష దాటితే ఫొటో.

సైనికుల పేర్లకు చోటెక్కడ అని సుబేదారు గారు అడిగారు. ఈ పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్మారకాలన్నీ తగలడేది ఇక్కడే.

పేర్లు పెట్టకపోవడమే ఉత్తమం. ఈ పద్ధతికి పెద్దల ఆమోదం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక తెల్లవాళ్లు మన దేశంలో ఎన్నో ఊళ్లలో చిన్న రాతిపలకలు పాతించారు. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, అందులో ఇంతమంది చనిపోయారు, అంతే. రెండు అంకెలు. అచ్చుతప్పు లేదు, ఇంటిపేరు గొడవ లేదు, మావాడి పేరు కింద రాశారేమని తగాదా లేదు. తమవాళ్ల విషయంలో మాత్రం పాపం మతి పోయింది. 1917లో యుద్ధ సమాధుల కోసం ఒక సంస్థ పెట్టి, ఆఫీసరైనా సిపాయైనా ఒకే తీరు రాయి, ప్రతివాడికీ పేరు అని నియమం పెట్టుకున్నారు. ఆఫ్రికాలోనూ పశ్చిమాసియాలోనూ పోయిన మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ దారిలో పడి, వేల మందిని పేర్లు లేకుండా అంకెలతో సరిపెట్టారు. హాయిగా ఉన్న పని. 2021లో అదే సంస్థ విచారణ జరిపించుకుని, అలా చేసి ఉండకూడదని క్షమాపణ చెప్పింది. దేనికి చెప్పిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అంతకు ముందు చరిత్రలోకి వెళ్లకండి, మనసు చెడుతుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంనాటి ఛాయాస్తంభాలు దొరికాయి. పదిహేడు వందల ఏళ్ల కిందటివి. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన సైనికులకూ సేనాపతులకూ నిలిపారు. చివరికి ఒక శిల్పికి కూడా స్తంభం ఉంది. దాన్ని ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు మాత్రం ఎక్కడా కనబడదు! రాయలసీమ పల్లెల్లో వీరగల్లులూ ఇంతే. కింది అరలో వీరుడు పోరాడుతుంటాడు, నడిమి అరలో అప్సరసలు చెరో చెయ్యీ పట్టుకుని పైకి తీసుకెళుతుంటారు, పై అరలో శివుడి ముందు కూర్చుని ఉంటాడు. పశువుల మందను కాపాడుతూ చచ్చినవాడికి సైతం రాయి వేశారు. అందుకే అలాంటి రాళ్ల మీద ఇవాళ కొన్నిచోట్ల బట్టలు ఉతుక్కుంటున్నారు. రైలింగు వేయించి తాళం పెట్టుంటే ఈ గతి పట్టేదా?

కారెంపూడి సంగతి మరీ విడ్డూరం. పల్నాటి యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దంలో. వీరుల గుడి దగ్గర ఇప్పటికీ కార్తీకంలో అయిదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆ వీరుల వంశాలవాళ్లు ఆయుధాలు పట్టుకుని ఊళ్ల నుంచి నడిచి వస్తారు. కులం అడక్కుండా ఒకే చాప మీద అన్నం తింటారు. ఎనిమిది వందల ఏళ్లు! నిర్వహణకు టెండరు లేదు, ఫౌంటెన్ లేదు. ఇలాంటివి చూసి కమిటీ సభ్యులు అధైర్యపడతారు. వాళ్లను అటు తీసుకెళ్లకండి.

తీసుకెళ్లాల్సి వస్తే ఢిల్లీ తీసుకెళ్లండి. అధ్యయన యాత్ర అని తీర్మానం రాసి, కుటుంబాలతో సహా. మేం అలాగే వెళ్లాం. ఇండియా గేట్ దగ్గర 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. పోటీ పెట్టి డిజైన్ ఎంపిక చేశారట, గెలిచింది చెన్నై ఆర్కిటెక్టు యోగేశ్ చంద్రహాసన్. మధ్యలో జ్యోతి, చుట్టూ చక్రాల్లాగా గోడలు. త్యాగ చక్రంలో మనిషికొక గ్రానైట్ పలక, దాని మీద బంగారు అక్షరాల్లో పేరు. ప్రారంభించే నాటికే ఇరవై అయిదు వేలకు పైగా. ఆఫీసరు పలకా జవాను పలకా ఒక్కటే సైజు. మా ఉపాధ్యక్షుడు గంటసేపు తిరిగి, ఇంత గ్రానైట్‌లో దాత పేరు ఒక్కటీ లేదని బాధపడి బయటికొచ్చేశాడు. సుబేదారు గారు తన ఖర్చుతో వెంట వచ్చారు. ఆయన ఒక్క పలక ముందు ఆగిపోయి, చూపుడువేలు అక్షరాల మీద ఆనించి అలాగే ఉండిపోయారు. ఆయన కోసం బస్సు నలభై నిమిషాలు ఆపాల్సి వచ్చింది. మీ యాత్రకు ఇలాంటివాళ్లను రానివ్వకండి.

అమెరికావాళ్లది ఇంకా అన్యాయం. వియత్నాం యుద్ధంలో పోయినవాళ్లకు వాషింగ్టన్‌లో స్మారకం కట్టాలని పెట్టిన పోటీకి 1981లో 1,421 డిజైన్లు వచ్చాయి. ఎవరివో తెలియకుండా నెంబర్లు వేసి చూశారట. మనవాడెవడో తెలియకుండా ఎంపిక ఎలా చేస్తారు? ఫలితం చూడండి. ఇరవై ఒక్కేళ్ల విద్యార్థిని మాయా లిన్ గెలిచింది. విగ్రహం లేదు, జెండా లేదు. నేలలోకి దిగిన నల్లరాతి గోడ, దాని మీద యాభై వేలకు పైగా పేర్లు, పోయిన తేదీల వరసలో. ర్యాంకు కూడా లేదు. ఆ నల్లరాయి బెంగళూరు వైపు నుంచి వెళ్లిందట. మన పక్కింటి రాయి అంత దూరం పోయి ఒక్క శిలాఫలకానికీ నోచుకోలేదు! జనం అక్కడికొచ్చి పేరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఇంటికి తీసుకెళతారు. ఉత్తరాలూ బూట్లూ పతకాలూ వదిలిపోతారు, వాటిని ప్రభుత్వం భద్రపరుస్తుంది. చెత్త దాచుకోవడానికి గోదాము! పెద్దమనుషులు కొందరు గొడవ చేస్తే 1984లో పక్కన ముగ్గురు సైనికుల కంచు విగ్రహం పెట్టారు. చివరికైనా మన దారికి వచ్చారు.

ఆ గోడ మీద కాగితాల పొరపాటు వల్ల బతికున్నవాళ్ల పేర్లు కూడా కొన్ని ఎక్కాయి. ఇది చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే, సుబేదారు గారు మరీ నస పెడుతుంటే ఓపిక నశించి, వెనకవైపు కింద ఒక జానెడు పలకలో “అమరులు” అని అయిదు పేర్లు చెక్కించాం. ఫోన్‌లో చెబితే చెక్కేవాడు రాసుకున్నాడు. రెండు ఇంటిపేర్లు మారాయి, ఒక పేరు రెండుసార్లు పడింది, సుబేదారు గారి పేరు అమరుల్లో చేరింది. భయపడుతూ చూపించాం. ఆయన వంగి చదువుకుని, “పర్లేదు బాబూ, నాకు మళ్లీ రాయించే ఖర్చు తప్పించారు. కానీ బర్మా ఆయన పేరు లేదే” అన్నారు. మనుషులకు తృప్తి ఉండదు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లవాళ్లకు నా సానుభూతి. మిలటరీ మాధవరం అనే పేరే స్థిరపడిపోయింది. ప్రపంచయుద్ధాల కాలం నుంచీ తరం వెంట తరం పట్టాళానికి వెళుతూనే ఉన్న ఊరు. అక్కడ సైనికుల పేర్లు రాయడం మొదలుపెడితే దాతలకు రాయి మిగలదు.

విగ్రహం విషయానికొద్దాం. మంచి శిల్పి ఏం చేస్తాడంటే, ముందు మట్టితో బొమ్మ చేసి ఇంటివాళ్లను పిలిచి చూపిస్తాడు. తల్లి వచ్చి, మావాడి ముక్కు ఇంత మొన కాదయ్యా అంటుంది. చెల్లెలు వచ్చి, ఎడమ కనుబొమ మీద గాటు ఏదీ అంటుంది. మట్టి గనక దిద్దుతాడు. ఆ తర్వాతే అచ్చు తీసి, మైనం పోసి, కంచు పోత. దీనికి నెలలు పడతాయి. మీకు అంత తీరిక లేదు. ఫైబర్‌లో చేయించి కంచు రంగు కొట్టించండి. ఇంటివాళ్లకు మట్టి దశలో పొరపాటున కూడా చూపించొద్దు. అంతా గట్టిపడ్డాక చూపిస్తే ఏడుస్తారు, ఆనందబాష్పాలని పేపర్లో వేయించుకోవచ్చు. ఇంకా చవగ్గా కావాలంటే, ఎవరో నాయకుడి కోసం చేసి అమ్ముడుపోని బొమ్మలు షెడ్లలో ఉంటాయి. తల మార్చి టోపీ పెడితే సరి. మా సైనికుడి నడుము దగ్గర పంచె కుచ్చిళ్లు కాస్త కనబడతాయి, వెనక నుంచి చూస్తేనే.

తుపాకీ ఏది పెట్టాలని తల పగలగొట్టుకోకండి. సుబేదారు గారు చెప్పడం, రెండో ప్రపంచయుద్ధం వాడి చేతిలో త్రీనాట్‌త్రీ ఉండాలట, 1971 వాడికి ఎస్ఎల్ఆర్ అట, కార్గిల్ వాడికి ఇన్సాస్ అట. మేం అందరికీ కలిపి ఏకే-47 పెట్టాం. సినిమాల్లో అదే బాగుంటుంది. సెల్యూట్‌లోనూ తేడాలున్నాయట. ఆర్మీవాడి అరచెయ్యి ఎదుటివాడికి కనబడాలి, నేవీవాడిది కిందికి తిరగాలి. చెయ్యి పైకి లేచిందా లేదా అన్నదే మనకు ముఖ్యం. మాది ఎడమ చెయ్యి లేచింది. కుడి చేతికి దండలు తగిలించే కొక్కెం కావాల్సొచ్చింది.

ఒక పొరపాటు విషయంలో మాత్రం మమ్మల్ని మెచ్చుకోవాలి. శిల్పి దిమ్మె ముందు ఒక తుపాకీని గొట్టం కిందికి పెట్టి, మడమ మీద హెల్మెట్ బోర్లించాడు. తలకిందులుగా పెట్టాడని నేనే కనిపెట్టాను. 1972లో ఇండియా గేట్ కింద పెట్టిన అమర్ జవాన్ జ్యోతి దగ్గర కూడా అలాగే ఉండేదనీ, పడిపోయినవాడి గుర్తు అనీ వాదించాడు. ఢిల్లీలో తప్పు చేస్తే ఇక్కడా చేయాలా? తీయించి నిటారుగా నిలబెట్టించాం. హెల్మెట్‌ను పూలకుండీ చేశాం.

జ్యోతికి గ్యాసు దండగ. అడుగున చిన్న ఫ్యాను, ఎర్ర బల్బు, పైన నారింజ రంగు సిల్కు గుడ్డ. వినాయకచవితి పందిట్లో చూశారుగా, అదే. కరెంటు పోయినప్పుడు ఆరిపోతుంది, అఖండ జ్యోతి అని రాయకుండా ఉంటే చాలు. మేం రాశాం.

ఆవిష్కరణకు జూలై 26 కార్గిల్ విజయ దివసో, డిసెంబర్ 16 విజయ దివసో అని పట్టుబట్టేవాళ్లుంటారు. ఎమ్మెల్యే గారి పుట్టినరోజు చూసుకోండి, ఫ్లెక్సీల ఖర్చు కలిసొస్తుంది. భర్తను పోగొట్టుకున్న ఆడపడుచుల్ని ఆర్మీవాళ్లు వీరనారి అంటారు. పేరు బాగుంది, ఆహ్వాన పత్రికలో వేసుకోండి. ఆవిడకు కుర్చీ మాత్రం నాలుగో వరసలో. శాలువా వేళకు పిలిస్తే నడిచి వస్తుంది, ఆ నడక వీడియోలో బాగా పడుతుంది. రెండు నిమిషాల మౌనం పాతికో ముప్ఫయ్యో సెకన్లకు కుదించండి. అంతకు మించితే వెనక డీజేవాడు పాట పెట్టేస్తాడు. మాకు జరిగింది.

బతికున్న మాజీ సైనికుల్ని ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. చనిపోయినవాళ్లతో ఇబ్బంది లేదు, వాళ్లు పెన్షన్ ఆగిందనరు, సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక ఫోన్ చేయమని అడగరు. బతికున్నవాళ్లు అడుగుతారు. కాబట్టి పని అప్పజెప్పండి. వాళ్లలో సగం మంది ఎలాగూ ఏటీఎంల దగ్గరో, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గరో కాపలా ఉంటారు, అలవాటున్న పనే. ఆ రోజు ఇస్త్రీ బ్లేజరుకు పతకాలు పెట్టుకుని వచ్చిన పదకొండు మందికి పార్కింగ్ అప్పగించాం. అంత చక్కగా కార్లు నిలబెట్టిన సభ మా నియోజకవర్గంలో ఇంకోటి లేదు.

ఆవిష్కరణ మర్నాడే రైలింగుకు తాళం వేసి, తాళంచెవి ప్రెసిడెంటు గారింట్లో పెట్టండి. ఆయన హైదరాబాదులో ఉంటే ఇంకా మంచిది. నిర్వహణ నిధి గురించి ఎవరైనా అడిగితే, అది తర్వాతి కమిటీ చూసుకుంటుందని చెప్పండి. మాకు ఇప్పటిదాకా పెద్ద ఇబ్బంది లేదు. రంగు రెండు ఎండాకాలాలకు తెల్లబడింది, పావురాలు గూడు పెట్టాయి, అంతే.

ఉన్న ఇబ్బందల్లా బడి ప్రహరీగోడ. వేపచెట్టు పక్కది. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున్నే చూస్తే దాని మీద సుద్దతో పేర్లు. ర్యాంకూ నెంబరూ యూనిటూ అన్నీ. అక్షరాలు చూస్తే నాలుగో తరగతో అయిదో తరగతో, ఒక్కో పేరు ఒక్కో చేతిరాత. చెట్టు కింద నోటు పుస్తకం పట్టుకుని ఎవరు కూర్చున్నారో చెప్పడానికి సాక్ష్యం అక్కర్లేదు గానీ, సుబేదారు గారిని అడిగితే పిల్లలకు చదవడం నేర్పుతున్నానన్నారు. తుడిపించాం. మర్నాటికి మళ్లీ వచ్చాయి. వాన కొట్టుకుపోతే, తెరిపి ఇచ్చిన సాయంత్రానికే మళ్లీ వచ్చాయి. ఇప్పుడు పొలాలకు వెళ్లే ఆడవాళ్లు అక్కడ ఒక నిమిషం ఆగుతున్నారట. బర్మా ఆయన మనవరాలట, ఎక్కడో కాకినాడ నుంచి వచ్చి గోడకు ఫొటో తీసుకుని వెళ్లిందట.

లాభం లేదని గోడ మొత్తానికి సున్నం కొట్టించాం. ఖర్చు స్మారక నిర్వహణ కింద రాశాం. ఆదివారం పని పూర్తయింది. సోమవారానికి బొగ్గుతో రాశారు. తెల్లగోడ కదా, రోడ్డు అవతల్నుంచి కూడా కనబడుతున్నాయి. మనిషిని పంపి లెక్కపెట్టించాను. పుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నాయట, ఒక్క అక్షరం తప్పు పోలేదట.

సుద్దా బొగ్గూ రెండూ అంటని రంగు ఏదైనా ఉంటే, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఎస్టిమేటు వేయించాలి.